చదువుతూ లైన్లు దాటేస్తున్నాడు.. కంటి లోపమా, ఏడీహెచ్‌డీనా?

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. చదివేటప్పుడు లైన్లు వదిలేస్తాడు. పది నిమిషాలకే కళ్లు నులుముకుంటూ లేచిపోతాడు. ఏడీహెచ్‌డీ ఏమో చూపించమని టీచర్ అన్నారు. కళ్లు పరీక్షిస్తే అది తెలిసిపోతుందని బంధువులు చెబుతున్నారు. నిజమేనా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం, తొందరపాటు కనిపించే మెదడు ఎదుగుదల సమస్య. కంటి పరీక్షతో దాన్ని తేల్చలేమమ్మా. అలాగని మీ బంధువుల మాట పూర్తిగా గాలిమాటా కాదు. పరిశోధనల్లో ఒక పరీక్ష చేస్తుంటారు. తెర మీద కుడివైపు చుక్క వెలిగితే పిల్లలు ఎడమవైపు చూడాలి. చూపు చుక్క వైపే లాగుతుంది, దాన్ని ఆపుకోవాలి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు ఇందులో ఎక్కువగా తప్పుతారు. అది కంటి జబ్బు కాదు, చూపును అదుపు చేసే మెదడు పనితీరులో తేడా. కానీ ఆ తప్పులు మామూలు పిల్లలూ చేస్తారు కాబట్టి, దాన్ని బట్టి ఫలానా పిల్లాడికి జబ్బు ఉందని చెప్పలేం.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది 'కళ్లు నులుముకుంటూ' అన్న మాట. పుస్తకం చూసేటప్పుడు రెండు కళ్లూ కలిసి ముక్కు వైపు తిరగాలి. కొందరు పిల్లల్లో ఆ పట్టు నిలవదు. దీన్ని కన్వర్జెన్స్ ఇన్‌సఫిషియెన్సీ అంటాం. పెన్ను మొనను మెల్లగా ముక్కు దగ్గరికి తెస్తుంటే, సగం దూరంలోనే ఒక కన్ను పక్కకు జారిపోతుంది. 'పెన్నులు రెండయ్యాయి' అంటారు పిల్లలు. అక్షరాలూ అలాగే రెండుగా కనిపిస్తే ఏ పిల్లాడు కుదురుగా కూర్చుంటాడు? గోడ మీది చార్టు దూరపు చూపునే కొలుస్తుంది కాబట్టి 6/6 (అంటే దూరపు చూపు మామూలుగా ఉందని) వచ్చినా ఈ లోపం దాగి ఉండొచ్చు. ప్లస్ పవర్ (దగ్గరివి చూడటానికి కళ్లు ఎక్కువ శ్రమపడే లోపం) కూడా అంతే, చాలాసార్లు కంట్లో చుక్కల మందు వేసి చూస్తేనే బయటపడుతుంది.

కన్వర్జెన్స్ లోపం, ఏడీహెచ్‌డీ రెండూ కలిసి ఉండే అవకాశమూ ఉంది. కన్వర్జెన్స్ లోపం ఉన్నవారిలో ఏడీహెచ్‌డీ దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించిందని 2005లో అమెరికా వైద్యులు ప్రచురించారు. ఒకదాని వల్లే మరొకటి వస్తుందని దానర్థం కాదు.

ఈ వారం బాబును గమనించండి. మీరు కథ చెబుతుంటే కదలకుండా వింటాడా? ఆటలో తన వంతు వచ్చేదాకా ఆగగలడా? ఇబ్బంది పుస్తకం దగ్గరే అయితే ముందు కళ్లనే అనుమానించాలి. ఇంట్లో, బడిలో, ఆటలో కూడా ఆరు నెలలకు పైగా ఇదే తీరైతే పిల్లల మానసిక వైద్యులకు తప్పక చూపించాలి.

ఏదైనా ముందు పిల్లల కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, వాడి నోట్‌బుక్ కూడా పట్టుకెళ్లండి. కన్వర్జెన్స్ లోపానికి వ్యాయామాలు బాగా పనిచేస్తాయి. వాటితోనే ఏడీహెచ్‌డీ నయం చేస్తామని ఎవరైనా ప్యాకేజీ చెబితే మాత్రం డబ్బు కట్టకండి. ఈలోగా చదవడం లేదని బాబును కొట్టకండి, తిట్టకండి. పది నిమిషాలకోసారి పుస్తకం పక్కన పెట్టనివ్వండి.