బీవీడీ నిర్మూలన చేపట్టిన పశువైద్యుడికి

నాయనా,

దేశమంతటా ఆవుల మందల్లోంచి బీవీడీని, అదే బోవైన్ వైరల్ డయేరియాను, తుడిచిపెట్టే బాధ్యత నీ చేతికొచ్చిందని తెలిసి సంతోషించాను. అన్నిటికన్నా ముందు ఏ పశువు వెంట పడాలో తేల్చుకో.

చూడి ఆవుకు సుమారు 30 నుంచి 120 రోజుల మధ్య ఈ వైరస్ సోకితే, కడుపులోని దూడకు అప్పటికింకా రోగనిరోధక శక్తి ఏర్పడి ఉండదు. వైరస్‌ను పరాయిదని గుర్తించదు. అలా పుట్టిన దూడ బతికినన్నాళ్లూ చొంగలో, చీమిడిలో, పేడలో వైరస్ వదులుతూనే ఉంటుంది. వీటినే పీఐ (పర్సిస్టెంట్లీ ఇన్‌ఫెక్టెడ్, అంటే వైరస్ ఎప్పటికీ వదలని) పశువులంటాం. రోగం పాతుకుపోయిన చోట కూడా ఇవి నూటికి ఒకటో రెండో ఉంటాయి. పుట్టాక వైరస్ సోకిన పశువులు చాలావరకు రెండు మూడు వారాల్లో తేరుకుంటాయి. కాబట్టి పీఐని పట్టి మందలోంచి తీసేయడమే అసలు పని.

ట్యాగు వేసేటప్పుడే చెవి ముక్క చిన్న గొట్టంలో పడే రకం ట్యాగులు ప్రతి దూడకూ వేయించు. ఈసుకుపోయిన దూడలకు, చచ్చి పుట్టిన వాటికీ నమూనా తీయాలి. రైతులు వదిలేసేది వీటినే. పీఐ తల్లికి పుట్టేది ఎప్పుడూ పీఐ దూడే గనక, దూడ నెగెటివ్ అయితే తల్లిని వేరే పరీక్షించనక్కర్లేదు. దూడ పాజిటివ్ అయితే మాత్రం తల్లినీ పరీక్షించు. లేత దూడల రక్తంలో యాంటిజెన్ ఎలైజాను, అంటే వైరస్ ప్రోటీన్‌ను వెతికే పరీక్షను, నమ్మకు. జున్నుపాల యాంటీబాడీలు వైరస్‌ను కప్పేస్తాయి. చెవి ముక్కతో ఆ ఇబ్బంది తక్కువ. గొట్టంలో ముక్క పడని నమూనాలూ ల్యాబుకు వస్తుంటాయి. వాటిని నెగెటివ్‌లో కలపనివ్వకుండా ‘ఫలితం లేదు’ అని రికార్డులో వేరే గడి పెట్టించు.

పరీక్షలు ఎంత బాగా జరిగినా, పాజిటివ్ దూడ కొట్టంలోనే ఉండిపోతే అంతా వృథా. కార్యక్రమాలు ఎక్కువగా చతికిలబడేది ఇక్కడే. పీఐ దూడ చాలాసార్లు నిగనిగలాడుతూ ఉంటుంది. పెంచి అమ్ముకుందామని రైతుకు ఆశ. 2013లో పరీక్షను తప్పనిసరి చేసిన ఐర్లాండ్‌లో కూడా తొలి ఏళ్లలో పీఐలను అట్టిపెట్టుకోవడం వల్లే పని ఆలస్యమైంది. అందుకే పరిహారం త్వరగా అప్పగిస్తే ఎక్కువ, ఆలస్యమైతే తక్కువ, గడువు దాటితే సున్నా అయ్యేలా పెట్టు. పాజిటివ్ ఫలితం నమోదైన క్షణమే ఆ మంద అమ్మకాలు కంప్యూటరులో ఆగిపోవాలి. పొరుగు మందల వాళ్లకూ కబురు వెళ్లాలి. రైతు మళ్లీ పరీక్ష అడిగితే కాదనకు. కానీ మూడు వారాలు ఆగి చెయ్యాలి, అప్పటిదాకా ఆ దూడ చూడి ఆవుల ఛాయలకు పోకూడదు. రెండోసారీ పాజిటివ్ అయితే ఇక మాటల్లేవు.

పీఐని తీసేసిన రోజుతో మంద శుభ్రమైపోదు. అప్పటికే చూడితో ఉన్న ఆవుల కడుపుల్లో మరికొన్ని పీఐలు ఉండవచ్చు. అటువంటి ఆవును పరీక్షిస్తే వైరస్ దొరకదు, యాంటీబాడీలే కనిపిస్తాయి. సంతలో దాన్ని ఆరోగ్యమైనదిగానే అమ్ముతారు. అందుకే ఆఖరి పీఐ పోయాక కనీసం 12 నెలలపాటు పుట్టే ప్రతి దూడనూ పరీక్షించాలి.

టీకా సంగతి త్వరగా తేల్చేస్తాను. అది పీఐని బాగుచేయదు. పైగా టీకా వేసినా యాంటీబాడీలు వస్తాయి గనక, పాల ట్యాంకులో యాంటీబాడీలు చూసి మందలను వడకట్టే పద్ధతిని గజిబిజి చేస్తుంది. స్వీడన్ 1993లో మొదలుపెట్టి టీకా లేకుండానే నెగ్గింది. రోగం దట్టంగా ఉన్నచోట టీకాకు పాత్ర ఉంటుంది, కానీ పీఐల ఏరివేతకు తోడుగానే.

రోగం తగ్గేకొద్దీ మందల్లో యాంటీబాడీలు తరుగుతాయి. అప్పుడొక్క పీఐ చొరబడినా చూడి ఆవులు వరసగా ఈసుకుపోతాయి. కాబట్టి ప్రతి మందలో 9 నుంచి 18 నెలల వయసు పెయ్యల్ని కొన్నిటిని ఏటా యాంటీబాడీ పరీక్షకు పంపు. కొట్టాలు వేరైతే ప్రతి కొట్టం నుంచీ తీయాలి. ఒక కొట్టం పెయ్యలను చూసి పక్క కొట్టాన్ని నమ్మకూడదు. ముక్కు పట్టుకారు, సూదులు, చూడి పరీక్ష గ్లౌజులు ఒక పశువు నుంచి ఇంకోదానికి వైరస్‌ను మోస్తాయి. నీ సిబ్బందే ఆ పని చేయకుండా చూసుకో. దిగుమతయ్యే చూడి పెయ్యలను ఈనేదాకా విడిగా ఉంచి, దూడ ఫలితం వచ్చాకే మందలో కలపాలన్న నిబంధనను మొదటి ఏడాదే చట్టంలో పెట్టించు. రోగం కనుమరుగయ్యాక అడిగితే అంత ఖర్చు దేనికని కొట్టిపారేస్తారు.

ఆశీస్సులతో,
నీ పెద్దాయన