కాళ్ల మీద ఎర్రటి చుక్కలు: ప్లేట్‌లెట్లు తగ్గాయనేనా?

గాజు గ్లాసుతో నొక్కి చూడండి. చుక్కలు మాయం కాకపోతే చర్మం కింద రక్తం చిమ్మినట్టే. చదునుగా ఉంటే ముందు ప్లేట్‌లెట్ల లోపాన్ని అనుమానించాలి; వేలికి ఉబ్బెత్తుగా తగిలితే రక్తనాళాల వాపు కావచ్చు. కీళ్లలోకి రక్తం దిగడం వేరే దారి, అక్కడ హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని వంశపారంపర్య జబ్బు) గుర్తుకు రావాలి.

అసలు జాగ్రత్తగా చూడాల్సింది ప్లీహం (ఎడమ పక్కటెముకల కింద ఉండే అవయవం). డాక్టరు పొట్ట కుడివైపు కింది భాగం నుంచి మొదలుపెట్టి ఎడమ పక్కటెముకల వైపు తడమాలి. నేరుగా పక్కటెముకల కిందే వెతికితే బాగా పెరిగిన ప్లీహం అంచు దొరకదు. అది తగిలినా, మెడలో, చంకల్లో బిళ్లలున్నా, మనిషి పాలిపోయినా ఐటీపీ (శరీర రక్షణ వ్యవస్థే ప్లేట్‌లెట్లను నాశనం చేసే జబ్బు) అని సరిపెట్టుకోకూడదు, లుకేమియా (రక్త క్యాన్సర్) కోసం చూడాలి. సీబీసీ (మిషన్‌తో రక్తకణాల లెక్క)తోపాటు స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూడడం) తప్పనిసరి: ట్యూబులో ప్లేట్‌లెట్లు ముద్దకడితే మిషన్ లెక్క తక్కువ చూపిస్తుంది.

జ్వరం గానీ, నోట్లో రక్తపు బొబ్బలు గానీ ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఈలోగా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వేసుకోవద్దు.