పదో మనిషి వచ్చేదాకా
(పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

పోయిన నెల ఒకరు ఇంట్లో దీపం పెట్టే వేళ గురించి అడిగితే, మాటలో మాటగా మా చిన్నప్పటి బొంబాయి పక్కింటి యూదుల ఆంటీ, ఆమె శుక్రవారం దీపం గురించి నాలుగు ముక్కలు రాశాను. అంతే, ఈసారి ఉత్తరాలన్నీ దాని మీదే. ముందే చెప్తున్నా, నేను ఆ మతం చదువుకున్నదాన్ని కాదు. మా నాన్న వరంగల్ నుంచి మిల్లు పనికి పోయి బైకుల్లాలో గది తీసుకుంటే గోడ అవతల వాళ్లుండేవాళ్లు. చూసింది కొంత, తర్వాత చదివి తెలుసుకున్నది కొంత.

ప్రశ్న: మా బాబు న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ల టీం లీడ్ యూదులాయనట. వచ్చే శుక్రవారం వాళ్ల ప్రార్థనా మందిరం సినగాగ్‌కు రమ్మని, అటునుంచి అటే ఇంటికి భోజనానికి రమ్మని పిలిచాడట. మావాడు శాకాహారి, పైగా మొహమాటం ఎక్కువ. నాకేమో మతం మారమంటారేమోనని టెన్షన్. పోవాలా, వద్దా?
ఒక తల్లి, హనుమకొండ

జవాబు: పొమ్మనండి అక్కా. మతం భయం అసలే పెట్టుకోవద్దు. యూదులు బయటివాళ్లను తమలోకి రమ్మని పిలవరు, ఎవరైనా తమంతట తాము వస్తామన్నా మొదట వద్దనే చెప్పడం వాళ్ల మతగురువులైన రబ్బీల ఆనవాయితీ. మీవాణ్ని పిలిచింది అన్నానికి. శుక్రవారం రాత్రి బల్ల దగ్గర చుట్టాలు లేకపోతే వాళ్లకు ఏదో వెలితి.

వాడికి కొన్ని సంగతులు చెప్పండి. ప్యాంటు, ఫుల్ షర్ట్ చాలు. గుమ్మం దగ్గర బుట్టలో చిన్న గుండ్రటి టోపీలుంటాయి, కిప్పా అంటారు, మగవాళ్లు ఒకటి తీసి నెత్తిన పెట్టుకుని, వచ్చేటప్పుడు మళ్లీ బుట్టలో వేయాలి. చెప్పులు విప్పక్కర్లేదు (మన కొచ్చిలో 1568 నాటి పరదేశి సినగాగ్‌లో మాత్రం విప్పాలి, ఈ నేల అలవాటు వాళ్లకూ పట్టింది). గేటు దగ్గర సెక్యూరిటీ ఉండొచ్చు, పేరు ముందే ఇవ్వమని టీం లీడ్‌కు చెప్పమనండి, బ్యాగు తెరిచి చూస్తే చిన్నబోవద్దనండి. లోపల దేవుడి విగ్రహం ఉండదు. ఎదురుగా ఒక బీరువాలాంటిది, దాంట్లో చేత్తో రాసిన తోరా (వాళ్ల ధర్మగ్రంథం) చుట్టలు. ప్రార్థన పుస్తకం ఉర్దూ పుస్తకంలా కుడి నుంచి ఎడమకు తిప్పాలి. హుండీ కోసం వెతకొద్దు, ఐదు డాలర్ల నోటు తీసి ఎవరి చేతిలోనూ పెట్టొద్దు, శుక్రవారం పొద్దుగూకినాక పాటించేవాళ్లు డబ్బు ముట్టరు. ఫోటోలు అసలే వద్దు.

ఒకచోట మాత్రం మీవాడు కంగారుపడతాడు. శుక్రవారం ప్రార్థనలో ఒక పాట ఉంటుంది, దాని చివరి చరణం దగ్గర అందరూ ఒక్కసారి లేచి గుమ్మం వైపు తిరిగి వంగుతారు. ఎవరొచ్చారా అని వీడు మెడ చాచి చూడొద్దు. ఎవరూ రారు. విశ్రాంతి రోజు పెళ్లికూతురిలా లోపలికి వస్తోందని ఆ తిరగడం. తనూ లేచి తిరిగితే సరిపోతుంది.

ఇంటి దగ్గర బల్ల మీద రెండు రొట్టెలు బట్ట కప్పి ఉంటాయి, జడ అల్లినట్టుంటాయి, హల్లా అంటారు. ముందు ద్రాక్షరసం గిన్నె పట్టుకుని దీవెన చెప్తారు కదా, తన వంతు రెండోది అయ్యిందని రొట్టె చిన్నబుచ్చుకోకుండా ఆ బట్ట కప్పుతారట. ఈ మాట విన్నప్పటినుంచి నాకు వాళ్లమీద ఇష్టం ఇంకొంచెం పెరిగింది. తర్వాత చేతులు కడుక్కుని వస్తారు, అక్కణ్నుంచి రొట్టె తుంచేదాకా ఎవరూ మాట్లాడరు. ఏంటి అందరూ సైలెంట్ అయ్యారని వీడు అప్పుడే క్రికెట్ ముచ్చట మొదలుపెడితే ఇబ్బంది.

తిండి విషయం రెండు రోజుల ముందే చెప్పెయ్యమనండి, శాకాహారం అంటే వాళ్లకు కష్టం కాదు. కానీ మీరు పంపిన పచ్చడి, పులిహోర పట్టుకుపోవద్దు. ఆచారం పాటించే ఇంట్లో బయటి వంట బల్ల మీదికి రాదు, పాపం తీసుకోలేక, వద్దనలేక నలిగిపోతారు. పూలు తీసుకుపోవచ్చు, అదీ పొద్దు ఉండగానే. ఇంకోటి, ముఖ్యమైంది. మాంసం వండిన పూట ఆ బల్ల మీదికి పాలు, పెరుగు, నెయ్యి రావు. చివర్లో కాస్త పెరుగన్నం అని మాత్రం అడగొద్దు. ఒక్క రాత్రి పెరుగు లేకపోతే వాడికేమీ కాదు, మీకే నిద్ర పట్టదు.

ప్రశ్న: మా ఆయన ఇజ్రాయెల్‌లో ఒక పెద్దాయన్ని చూసుకునే కేర్‌గివర్ పని చేస్తారు. మిగతా రోజులు రెండుసార్లు ఫోన్ చేస్తారు, శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా ఎత్తరు. ఆ ఇంట్లో ఫోన్, టీవీ, స్టవ్ ఏదీ ముట్టరని అంటారు. నిజమేనా అక్కా? మా అత్తమ్మ నమ్ముతలేదు.
ఒక సోదరి, మెట్‌పల్లి

జవాబు: నిజమే చెల్లెమ్మా. అత్తమ్మకు కూడా చదివి వినిపించు.

షబ్బాత్ అంటే వాళ్ల విశ్రాంతి రోజు, శుక్రవారం పొద్దుగూకినప్పటినుంచి శనివారం రాత్రి దాకా. ఆ రోజు చేయకూడని పనులు వాళ్ల శాస్త్రంలో 39 రకాలు. దున్నడం, విత్తడం, నేయడం, రాయడం, నిప్పు రాజేయడం, ఆర్పడం ఇలా. కరెంటు స్విచ్ కూడా ఆ లెక్కలోకే వస్తుందని ఆచారం గట్టిగా పాటించేవాళ్లు అనుకుంటారు. అందుకే శుక్రవారం పొద్దు ఉండగానే వంటంతా అయిపోవాలి, కూర సన్న సెగ మీద రాత్రంతా ఉడుకుతూ ఉంటుంది, శనివారం మధ్యాహ్నం అదే వేడివేడిగా తింటారు. లైట్లకు టైమర్లు పెట్టుకుంటారు. ఇజ్రాయెల్‌లో చాలా ఊళ్లలో బస్సులు కూడా ఆగిపోతాయి. అందరూ ఇంత గట్టిగా ఉండరు, టెల్ అవీవ్‌లో శనివారం బీచ్ నిండా జనమే. మీ ఆయన ఉన్న ఇల్లు నిష్ఠ గల ఇల్లయి ఉంటుంది.

మీ ఆయన యూదు కాదు కాబట్టి ఈ నియమాలు ఆయనకు వర్తించవు. కానీ నలుగురూ కూర్చుని పాడుకుంటున్న ఇంట్లో ఒక్కరి ఫోన్ మోగితే బాగుండదు కదా, అందుకే ఎత్తకపోవచ్చు. పెద్దాయనకు ఒంట్లో బాగాలేకపోతే మాత్రం ఏ నియమమూ అడ్డురాదు. ప్రాణం కాపాడే పనిముందు షబ్బాత్ పక్కకు జరగాల్సిందే అని వాళ్ల శాస్త్రమే చెప్తుంది, ఫోన్ చేస్తారు, అంబులెన్స్ పిలుస్తారు.

టైం లెక్క రాసిపెట్టుకో. చలికాలంలో మనకన్నా వాళ్లు మూడున్నర గంటలు వెనక, ఎండాకాలంలో రెండున్నర గంటలు. డిసెంబర్‌లో అక్కడ శుక్రవారం పొద్దుగూకేసరికి మన దగ్గర రాత్రి ఎనిమిది దాటుతుంది, జూన్‌లో అయితే పది దాటుతుంది. దీపాలు మామూలుగా పొద్దుగూకడానికి 18 నిమిషాల ముందే వెలిగిస్తారు. మర్నాడు ఆకాశంలో మూడు చుక్కలు కనబడితే అయిపోయినట్టు. కాబట్టి శుక్రవారం మీరు దీపం పెట్టుకున్నాక ఒకసారి మాట్లాడుకోవాలని అనుకోండి, శనివారం రాత్రి మీరు తిని పడుకునే ముందు ఇంకోసారి (ఎండాకాలంలో అయితే కాస్త ఆలస్యమవుతుంది). మధ్యలో మిస్డ్ కాల్స్ కొట్టకు తల్లీ.

ప్రశ్న: మన దేశంలో సినగాగ్‌లు ఉన్నాయా? తెలుగువాళ్లలో యూదులున్నారని విన్నాను, నిజమా?
డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: ఉన్నారు తమ్ముడూ. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సముదాయం ఉంది. పాతకాలపు ఇజ్రాయెల్ గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిమ్ గోత్రం వాళ్లమని వాళ్లు చెప్పుకుంటారు, 1990ల మొదటినుంచీ సొంత సినగాగ్ పెట్టుకుని షబ్బాత్ పాటిస్తున్నారు. ఇజ్రాయెల్ అధికారికంగా వాళ్లను యూదులుగా గుర్తించలేదు. ఎవరి మాట ఖాయమని తేల్చడం నా పని కాదు, శుక్రవారం సాయంత్రం దీపం పెట్టే తెలుగిల్లు ఉందన్నది మాత్రం నిజం.

నాకు బాగా తెలిసింది మా బొంబాయి యూదులు, బెనె ఇజ్రాయెల్‌లు. కొంకణ్ ఒడ్డున ఊళ్లలో గానుగలు ఆడించి నూనె తీసేవాళ్లు, శనివారం మాత్రం గానుగ ఎద్దును విప్పేసేవాళ్లు, అందుకని చుట్టుపక్కల జనం వాళ్లను శనివార్ తేలీ అనేవాళ్లు. శనివారం గాండ్లవాళ్లు అన్నమాట. మాట్లాడేది మరాఠీ. వాళ్ల మొదటి సినగాగ్ 1796లో బొంబాయి మాండ్వీలో కట్టారు, పక్కన ఉన్న మస్జిద్ రైల్వే స్టేషన్‌కు ఆ పేరు దానివల్లే వచ్చిందంటారు. మా బైకుల్లాలో ఉన్నది బాగ్దాదు నుంచి వచ్చిన యూదులది, 1864లో డేవిడ్ సాసూన్ అనే వ్యాపారి కట్టించాడు, గడియారం గోపురం ఉంటుంది. అక్కడికి నడిచేంత దూరంలోనే మన తెలంగాణ కూలీల పేరు మోసే కామాఠీపుర. ఆ పేరుకు తర్వాత వచ్చిన చెడ్డ అర్థం వేరే సంగతి, మొదట అది ఇళ్లు కట్టడానికి పోయిన మనవాళ్ల పేట.

గుడికీ సినగాగ్‌కూ తేడా నాకు అర్థమైంది మా పక్కింటి అంకుల్ వల్లే. మనం గుడికి ఒక్కరమే పోతాం, దండం పెట్టుకుని వస్తాం, పూజారి ఉంటే చాలు. వాళ్లకు అలా కుదరదు. పది మంది పెద్దలు చేరితేగాని కొన్ని ప్రార్థనలు మొదలుపెట్టరు, తోరా చుట్ట బయటికి తీసి చదవరు. పదమూడేళ్లు నిండితేనే లెక్క. శనివారం పొద్దున అంకుల్ తయారై మెట్ల దగ్గర నిలబడి, ఈ వారం ఎంతమంది వస్తారో అని కిందకు చూస్తుండేవాడు. మా తమ్ముడు ముందుకు వచ్చి నేనొస్తా అంటే, నువ్వు లెక్కకు రావు బేటా అని బుగ్గ గిల్లేవాడు. ఆంటీ కూడా లెక్కకు రాదు, వాళ్ల పద్ధతిలో మగవాళ్లే పది మంది (ఇప్పుడు కొన్ని శాఖల్లో ఆడవాళ్లనూ లెక్కిస్తున్నారు, ఆలస్యమైనా మంచిపని). లెక్కకు ఆంటీ రాకపోయినా ఆమె షర్బత్ లేకపోతే పని నడవదు. నల్ల కిస్మిస్ గురువారం రాత్రే నానబెట్టి, మర్నాడు చేత్తో పిసికి, పల్చటి బట్టలో వేసి రెండు చేతులతో మెలిపెట్టి పిండేది. వేళ్ల సందుల్లోంచి ముదురు ఎర్రటి రసం గిన్నెలోకి జారుతుంటే మేం గడపలో కూర్చుని చూసేవాళ్లం. వైన్ బదులు అదే.

ఆ పది మందిని వేలు పెట్టి ఒకటి, రెండు అని లెక్కపెట్టరు. మనుషుల్ని అంకెలేసి లెక్కపెట్టడం మంచిది కాదని, పది మాటలున్న ఒక కీర్తన వాక్యం చెప్తూ మనిషికో మాట అనుకుంటారు. మన కల్లం దగ్గర వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనకుండా లాభం అని మొదలుపెట్టం? అలాంటిదే.

ఇప్పుడు కష్టం కూడా అక్కడే వచ్చింది. మన దేశపు యూదులు చాలామంది ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. కొచ్చి పరదేశి సినగాగ్‌లో పది మంది చేరాలంటే ఊరు చూడటానికి వచ్చిన యాత్రికుల్లో యూదులు దొరకాలి. గోడలు, బెల్జియం దీపాలు, నేలమీద చైనా పలకలు అన్నీ ఉన్నాయి, తక్కువైంది మనుషులు. ఆ ఊరికి పోతే పలకలు మాత్రమే చూసి రావద్దు తమ్ముడూ, బల్లలు ఎన్ని ఖాళీగా ఉన్నాయో కూడా చూడు.

ప్రశ్న: శనివారం అంటే మనకూ వెంకన్న ఒక్కపొద్దు కదా. యూదుల శనివారమూ అలాంటిదేనా?
ఒక గృహిణి, జనగామ

జవాబు: పూర్తిగా తలకిందులు. ఆ రోజు వాళ్లు మూడు పూటలా తినాలి, కడుపు మాడ్చుకోవడమే తప్పు. యోమ్ కిప్పూర్ (వాళ్ల ప్రాయశ్చిత్త దినం) ఉపవాసం శనివారం వస్తే తప్ప ఆ రోజు ఒక్కపొద్దు ఉండరు. మీ అత్తగారికి చెప్పకండి ఈ సంగతి.

ప్రశ్న: మా బైబిల్లో సమాజమందిరము, విశ్రాంతిదినము అని చదువుతాం. అవీ ఇవీ ఒకటేనా? ఎప్పుడైనా అక్కడికి పోతే మేం ఏం జాగ్రత్త పడాలి?
ఒక సోదరుడు, కాజీపేట

జవాబు: ఒకటే అన్నా. సమాజమందిరం అన్న పాత తెలుగు మాటే నాకు సినగాగ్ కన్నా నచ్చుతుంది, పది మంది సంగతి దాంట్లోనే ఉంది. జాగ్రత్త ఒక్కటే. మీరు పాటల్లో నోరారా యెహోవా అంటారు కదా, వాళ్లు ఆ పేరు పలకరు. చదువుతుంటే ఆ నాలుగు అక్షరాలు వచ్చినచోట అదొనాయ్ అంటారు, మామూలు మాటల్లో అయితే హషెమ్, అంటే ‘ఆ పేరు’ అని. మా ఊళ్లల్లో పాతకాలం ఆడవాళ్లు మొగుడి పేరు చెప్పేవాళ్లు కాదు, అట్లాంటి భయభక్తి అనుకోండి. కాబట్టి అక్కడ ఆ మాట నోటికి రానీయొద్దు.

ప్రశ్న: పోయినసారి మీరు యూదులు మలీద చేస్తారని రాశారు. అది మా సద్దుల బతుకమ్మ మలీద ముద్దలేనా, అచ్చుతప్పా?
ఒక బామ్మ, పరకాల

జవాబు: అచ్చుతప్పు కాదు బామ్మా. పేరు అదే, పారసీ మాట, నలిపింది అని అర్థం. మనం రొట్టెలు నలిపి బెల్లం కలిపి ముద్దలు చేస్తాం, బెనె ఇజ్రాయెల్‌లు అటుకులతో చేస్తారు. అటుకులు తడిపి ఒడకట్టాలి. తురిమిన పచ్చికొబ్బరి, చక్కెర, యాలకుల పొడి కలిపి, పళ్లెంలో గుట్టగా పోసి, మీద బాదం పలుకులు, కిస్మిస్, చుట్టూ ఐదు రకాల పండ్ల ముక్కలు పేర్చాలి. ఇది షబ్బాత్ వంట కాదు. పెళ్లికో, మొక్కు తీరినప్పుడో ఏలియా ప్రవక్త పేరు చెప్పుకుని చేస్తారు. మా తమ్ముడికి టైఫాయిడ్ తగ్గినప్పుడు ఆంటీ చేసి పంపింది, మా అమ్మ అది బతుకమ్మ మలీదే అనుకుని, రొట్టె తక్కువైందేమో అని జాలిపడి, మర్నాడు మన పద్ధతిలో చేసి గిన్నె తిరిగిచ్చింది. నెయ్యి వేసింది పాపం. ఆంటీ గిన్నె అందుకుని, ఈ పూట ఇంట్లో కోడికూర ఉంది, రేపు పొద్దున తింటామని చెప్పింది. తిన్నారు కూడా.