మొక్కల కణితుల మీద పరిశోధన చేస్తానంటోంది, ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్. మొక్కలకు కణితులు తెచ్చే బ్యాక్టీరియా జన్యువుల మీద పరిశోధన చేస్తానంటోంది. బంధువులేమో బీఈడీ చేయించమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ టెన్షన్ అర్థమైంది. ముందు మీ అమ్మాయి మనసు పడ్డ విషయమేంటో చెబుతాను.

ఆ బ్యాక్టీరియా పేరు ఆగ్రోబ్యాక్టీరియం. 1940ల్లో అమెరికాలో ఆర్మిన్ బ్రౌన్ అనే శాస్త్రవేత్త, మన పెరళ్లలో ఉండే బిళ్ళగన్నేరు మొక్కకే దీన్ని ఎక్కించి, తర్వాత కొన్ని రోజులు బాగా వేడిలో ఉంచారు. బ్యాక్టీరియా చచ్చింది, మొక్క బతికింది. కణితి మాత్రం పెరుగుతూనే ఉంది! కారణం తేలడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. ఆ బ్యాక్టీరియాలో టీఐ ప్లాస్మిడ్ అనే పెద్ద డీఎన్ఏ వలయం ఉంటుందని 1974లో బెల్జియంలో జెఫ్ షెల్, మార్క్ వాన్ మాంటేగుల బృందం కనిపెట్టింది. అందులోంచి ఒక ముక్క మొక్క కణంలోకి చేరుతోందని 1977లో మేరీ-డెల్ చిల్టన్ బృందం చూపించింది. మొక్కకు గాయమైతే వెలువడే రసాయనాలను బ్యాక్టీరియాలోని విర్-ఏ అనే ప్రొటీన్ పసిగడుతుంది. అది విర్-జీ అనే మరో ప్రొటీన్‌ను లేపుతుంది. దాంతో మిగతా విర్ జన్యువులు పనిలోకి దిగుతాయి. విర్-డీ2 అనే ప్రొటీన్ ఆ డీఎన్ఏ ముక్కను కత్తిరించి, దాన్ని అంటిపెట్టుకునే మొక్క కణంలోకి వెళ్తుంది. అక్కడ ఆ ముక్కలోని జన్యువులు ఆక్సిన్, సైటోకైనిన్ అనే పెరుగుదల హార్మోన్లను అదుపు లేకుండా తయారు చేయిస్తాయి. కణితి పుట్టేది అందుకే.

కణితి తెచ్చే జన్యువులు తీసేసి, వాటి చోట మనకు కావాల్సిన జన్యువు పెడితే అదీ మొక్కలోకి వెళ్తుంది. మీ జిల్లా చేలల్లోని బీటీ పత్తి వెనకున్నది ఈ పద్ధతే. దానికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. కాబట్టి ఇది పనికిరాని చదువని ఎవరన్నా నేను ఒప్పుకోను.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. ఒక్క ఎమ్మెస్సీతో ఆపేస్తే మంచి జీతం కష్టం. పరిశోధనే కావాలంటే పీహెచ్‌డీ దాకా వెళ్లాలి. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000 ఫెలోషిప్ ఉంటుంది, ఇంటి మీద భారం పడదు. ఇప్పుడైతే గ్యాట్-బీ, సీయూఈటీ పీజీ, సీపీగెట్ అనే పీజీ ప్రవేశ పరీక్షలు మూడింటికీ సిద్ధం కమ్మనండి. హైదరాబాద్ చుట్టుపక్కలే సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ), వరి పరిశోధన సంస్థ ఉన్నాయి.

అయితే ఈ పని ఓపిక అడుగుతుంది. ఆకు ముక్కలను బ్యాక్టీరియా ద్రావణంలో ముంచి, రెండ్రోజుల తర్వాత కానమైసిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన ప్లేట్లలోకి మార్చాలి. ఆ మందును తట్టుకునే జన్యువు చేరనివి పాలిపోయి చస్తాయి, చేరినవి వారాల తర్వాత పచ్చగా మొలకేస్తాయి. మధ్యలో ఫంగస్ పడితే ఆ ప్లేటు పారేయాల్సిందే. ఈ వేసవిలో ఏదైనా టిష్యూ కల్చర్ (మొక్క ముక్కల నుంచి కొత్త మొక్కలు పెంచే) ల్యాబ్‌లో నెలన్నర పని చేయనివ్వండి. అప్పటికీ ఇదే కావాలంటే సీటు వచ్చిన చోట చేర్పించండి. బీఈడీ తర్వాతైనా చేయొచ్చు.