పోయిన నెల కన్నా జీతం తక్కువ ఎందుకు పడిందని కార్మికులు అడిగితే యజమాని ఎలా వివరించాలి?

నలభై మందితో చిన్న యూనిట్ నడుపుతున్నానని, జీతాలు పడిన మర్నాడే నలుగురైదుగురు ఆఫీసు ముందు నిలబడి అడుగుతున్నారని, వాళ్లకు ఎలా సర్దిచెప్పాలో తెలియట్లేదని రాశారు. సర్దిచెప్పడం అనే మాట ముందు వదిలేయండి. వాళ్లు లెక్క అడుగుతున్నారు. లెక్క చెబితే చాలు.

నేను జీడిమెట్లలో ఒక మెషినింగ్ యూనిట్‌లో పదమూడేళ్లుగా జీతాల లెక్కలు చూస్తున్నాను. ఈ విషయంలో నాకు తెలిసిందంతా ఒక్క మనిషి దగ్గర నేర్చుకున్నాను.

2022 అక్టోబర్. ఆర్డర్లు బాగా ఉండి ఓటీలు (ఓవర్‌టైం, అంటే అదనపు గంటల పని) నడిచిన నెల. జీతాలు పడిన మర్నాడు లేత్ మీద పనిచేసే ఒకాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడడు. "మేడమ్, నా లెక్కల అరవై నాలుగు రూపాయలు తక్కువొస్తున్నయ్" అన్నాడు. నేను తలెత్తకుండానే, "కంప్యూటర్ చేసిన లెక్క అన్నా, తప్పు రాదు" అన్నాను. ఆయన సరే అని వెళ్లిపోయాడు. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మర్నాడు టీ టైంలో మళ్లీ వచ్చాడు. చేతిలో చిన్న డైరీ. ఏ రోజు ఎన్ని గంటలు ఓటీ చేశాడో పెన్సిల్‌తో రాసుకున్నాడు, మొత్తం పది గంటలు. ఆయన జీతం 19,200. నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు చొప్పున గంటకు 92 రూపాయల చిల్లర, ఓటీకి దానికి రెట్టింపు. పది గంటలకు 1,846 రావాలి. లెక్క రూపాయితో సహా సరిగ్గా వేశాడు. కానీ బ్యాంకులో పోయిన నెల కన్నా 1,782 మాత్రమే ఎక్కువ పడింది. మిగతా 64 ఎవరు తిన్నారు? సూపర్‌వైజరే గంటలు తగ్గించి రాశాడని లోపల అనుమానం. బయటికి అనలేక నా దగ్గరికి వచ్చాడు.

ఈసారి కుర్చీ చూపించి కూర్చోబెట్టాను. పాత గేట్ పాస్ వెనక రెండు నెలల లెక్కా పక్కపక్కన వేశాను. పీఎఫ్ (భవిష్య నిధి) రెండు నెలలూ 1,560, బేసిక్ (మూల జీతం), డీఏ (కరువు భత్యం) కలిపి 13,000 మీద 12 శాతం. ఓటీ మీద పీఎఫ్ పడదు కాబట్టి అందులో మార్పు లేదు. ఈఎస్‌ఐ (కార్మికులకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు వైద్యం అందించే బీమా) చందా మొత్తం మీద 0.75 శాతం, అప్పట్లో ఓటీ కూడా అందులోకి వచ్చేది. అందుకే 144 కాస్తా 158 అయింది. ఇక వృత్తి పన్ను. నెల జీతం 15,000 దాటి 20,000 లోపు ఉంటే 150, ఆ పైన 200. ఓటీతో ఆయన మొత్తం 21,046కి చేరింది కాబట్టి ఆ నెలకు 200 పడింది. పద్నాలుగు, యాభై కలిపితే అరవై నాలుగు.

ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. "గంతేనా? ముందుగాల్నే చెప్తే అయిపోవుగద మేడమ్" అన్నాడు. కానీ లేవలేదు. కాసేపటికి అసలు సంగతి బయటపడింది. 21,000 దాటితే ఈఎస్‌ఐ కార్డు పోతుందని క్యాంటీన్‌లో ఎవరో చెప్పారట. వాళ్ల ఆవిడకు సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆస్పత్రిలో వైద్యం నడుస్తోంది. రెండు రాత్రులు నిద్ర పట్టలేదన్నాడు. ఇక మీద ఓటీ వద్దని రాసిద్దామనుకున్నాడట.

21,000 పరిమితి చూసేటప్పుడు ఓటీ డబ్బులు కలపరు. అప్పట్లో చందా కోసేటప్పుడు కలిపేవారు, అర్హత చూసేటప్పుడు మాత్రం కలపరు. ఒకవేళ అసలు జీతమే పెరిగి మధ్యలో దాటినా, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి అని రెండు చందా కాలాలు ఉంటాయి, నడుస్తున్న కాలం పూర్తయ్యేదాకా కోత ఆగదు, కార్డూ పోదు. ఇది చెప్పేసరికి ఆయన ముఖం తేటపడింది. ఒక్క ముక్క తెలియక ఒక ఇల్లు రెండు రోజులు టెన్షన్ పడింది. ఆ ముక్క నాకు తెలుసు. అడిగినప్పుడు నేను చెప్పలేదు.

అసలు తప్పు పే స్లిప్‌లోనే ఉందని నా గట్టి నమ్మకం. మనవాళ్లకు ఇచ్చే స్లిప్ పొడి అక్షరాల ఇంగ్లీషులో ఉంటుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన మనిషికి అది అర్థమవుతుందా? ఇప్పుడు ఇంకో పద్ధతి వచ్చింది, స్లిప్‌ను ఈమెయిల్‌కు పంపి పాస్‌వర్డ్ పెడతారు. ఈమెయిల్ కొడుకు ఫోన్‌లో ఉంటుంది, పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు అన్నీ ఉన్నాయంటారు, "పోయిన నెల కన్నా ఏం మారింది" అని తెలుగులో ఒక్క వరుస వేసే వీలు మాత్రం ఉండదు. మనిషి అడిగేది ఆ వరుస గురించే.

ఆ తర్వాతి నెల నుంచి నేను ఆ వరుస చేత్తో రాయడం మొదలుపెట్టాను. అందరికీ అక్కర్లేదు, చేతికొచ్చేది వంద రూపాయల కన్నా ఎక్కువ మారినవాళ్లకు, కటింగ్‌లలో ఏదైనా మారినవాళ్లకు. "ఓటీ 10 గంటలు, 1,846 పెరిగింది. ఈఎస్‌ఐ 14, వృత్తి పన్ను 50 ఎక్కువ పోయాయి." ఇంతే. జీతం పడక ముందే చేతికిస్తాను. మా యూనిట్‌లో అరవై మంది, ఇదంతా ఒక పూట పని. మొదట్లో మా సార్ ఇదంతా దండగ అన్నారు. ఇప్పుడు ఎప్పుడైనా ఆలస్యమైతే ఆయనే అడుగుతారు.

మీ దగ్గర తప్పకుండా వచ్చే ఇంకో గొడవ ఫిబ్రవరి. నాగా పెట్టిన రోజుకు క్యాలెండర్ రోజులతో భాగిస్తే, 19,200 జీతానికి 31 రోజుల నెలలో 619 పోతుంది, 28 రోజుల నెలలో 686. ఒక్క రోజే కదా, రేటెందుకు పెరిగిందని అడుగుతారు. "ఓటీకి 26తో భాగిస్తరు, నాగాకు 31తో ఎందుకు" అని కూడా ఒకతను నన్ను నిలదీశాడు. మంచి ప్రశ్న. 26తో భాగిస్తే ఓటీ రేటు పెరుగుతుంది, 31తో భాగిస్తే నాగా కోత తగ్గుతుంది, రెండూ కార్మికుడికే లాభమని కాగితం మీద వేసి చూపించాక ఇంకెవరూ అడగలేదు. మీరు ఏ పద్ధతి పాటిస్తారో పనిలో చేరిన రోజే చెప్పండి, మధ్యలో మార్చకండి. స్టాఫ్‌లో ఆదాయపు పన్ను పడేవాళ్ల సంగతి వేరు. పెట్టుబడుల కాగితాలు టైముకు ఇవ్వకపోతే జనవరి నుంచి మార్చి దాకా కోత ఎక్కువ పడుతుందని డిసెంబర్‌లోనే గుర్తుచేస్తే చాలు.

ఇంకొకటి, ఈ పని సూపర్‌వైజర్ మీద తోసెయ్యకండి. "ఆఫీసులో అడుగు" అనడం తప్ప అతనికీ ఏమీ తెలియదు. మొదటి రెండు నెలలు మీరే షెడ్‌లోకి వెళ్లి నిలబడి చెప్పండి. ఎక్కడైనా మన లెక్కే తప్పని తేలితే వచ్చే నెలలో కలుపుతాననకండి, ఆ రోజే ఇచ్చేయండి.

మీది తెలంగాణలోనే అయితే డిసెంబర్ జీతంలో కార్మిక సంక్షేమ నిధి కింద ఒక్కొక్కరికి 2 రూపాయలు కోస్తారు, మీరు 5 కలిపి కడతారు. రెండు రూపాయలే కదా అని వదిలేయకండి. నన్ను ఆ రెండు రూపాయల గురించి ఏటా కనీసం ముగ్గురు అడుగుతారు. డిసెంబర్ చివరి వారంలో హాజరు వేసే పంచింగ్ మెషిన్ పక్కన బోర్డు మీద తెలుగులో రాసి పెట్టండి.