ఎంసీబీలు ఉన్న ఇంటికి వైరింగు తనిఖీ ఎందుకు?

ప్రశ్న: మాది 1996లో కట్టిన ఇల్లు. 2012లో పైన రెండు గదులు వేసి, వాటికి కింది బోర్డు నుంచే కరెంటు లాగించాం. కట్టినప్పుడు ఫ్యాన్లు, లైట్లు, ఒక ఫ్రిజ్ మాత్రమే ఉండేవి. ఇప్పుడు రెండు ఏసీలు, రెండు గీజర్లు, ఇండక్షన్ పొయ్యి వచ్చి చేరాయి. ఈ వర్షాలకు చెప్పులు లేకుండా ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే వేళ్లు జిల్లుమంటున్నాయి. మాకు ఎప్పటినుంచో తెలిసిన ఎలక్ట్రీషియన్ బల్బు పెట్టి చూసి, ఎర్తింగ్ బాగానే ఉంది, భయం లేదన్నారు. ఇల్లంతా ఒకసారి అర్హత ఉన్నవారితో తనిఖీ చేయిద్దామని మా అబ్బాయి అంటున్నాడు. ఎంసీబీలు (బోర్డులో వాటంతటవే పడిపోయే స్విచ్చులు) ఉండగా ఆ ఖర్చు దండగ అని మావారి అభిప్రాయం. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మీ అబ్బాయి చెప్పినట్టే చేయండి. ఫ్రిజ్ జిల్లుమనడాన్ని చిన్న ఇబ్బందిగా తీసుకోకండి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ వంటి వాటి నుంచి స్వల్పంగా కరెంటు లీకవడం ఉంటుంది. మూడు పిన్నుల ప్లగ్గులోని పెద్ద పిన్ను దాన్ని భూమిలోకి పంపాలి. ఆ దారి సవ్యంగా ఉంటే మీ వేళ్లకు ఏమీ తెలియదు. తెలుస్తోందంటే దారి ఎక్కడో తెగిందనో, బలహీనపడిందనో, లేదా లీకే పెరిగిందనో అనుమానించాలి. తేలేదాకా ఆ ప్లగ్గు తీసి ఉంచడం మంచిది. చెప్పులు వేసుకుని ముట్టుకోమనే సలహా ఇంటికి వచ్చిపోయే పిల్లలకు పనికిరాదు.

మీవారి నమ్మకం చాలా ఇళ్లలో ఉన్నదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఎంసీబీ పని వైర్లను కాపాడటం వరకే. లోడు ఎక్కువైనా, షార్ట్ సర్క్యూట్ అయినా అది పడిపోతుంది. తడి చేతుల మనిషి శరీర నిరోధం సుమారు 1,000 ఓమ్‌లనుకుంటే, 230 వోల్టుల దగ్గర అతని గుండా పోయేది 0.2 ఆంపియర్ల పైచిలుకు. ప్రాణం తీయడానికి అది చాలు, కానీ 16 ఆంపియర్ల ఎంసీబీకి అది ఒక బల్బు వెలిగినంత మాత్రమే కాబట్టి కదలనైనా కదలదు. మనిషికి రక్షణనిచ్చేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటుకు, తిరిగి వచ్చిన కరెంటుకు మధ్య తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి సెకనులో మూడో వంతు కూడా గడవకముందే సరఫరాను తెంచేలా దాన్ని తయారు చేస్తారు. 1996 నాటి మీ బోర్డులో అది ఉండే అవకాశం తక్కువ.

ఇక ఎర్తింగ్ సంగతి. ఫేజుకు, ఎర్తుకు మధ్య 40 వాట్ల బల్బు పెడితే అది తీసుకునేది 0.17 ఆంపియర్లే. ఎర్త్ నిరోధం 50 ఓమ్‌లున్నా ఆ కాస్త కరెంటుకు అడ్డు రాదు గనుక బల్బు నిండుగానే వెలుగుతుంది. అంతకంటే ప్రమాదమేమిటంటే, కొందరు పనివారు ఎర్త్ తీగ లేని చోట సాకెట్టులోనే ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపేస్తారు. అప్పుడు కూడా బల్బు చక్కగానే వెలుగుతుంది. కానీ ఏదో ఒక రోజు న్యూట్రల్ తెగితే, ఫ్రిజ్ బాడీ మొత్తానికి 230 వోల్టులు వచ్చి కూర్చుంటాయి.

నిజమైన ఎర్త్ పిట్టే ఉందనుకుందాం. బొగ్గు, ఉప్పు వేసి పాతిన పైపు ముప్పై ఏళ్లకు తుప్పు పట్టవచ్చు. వాకిట్లో గ్రానైటు పరిచినప్పుడు ఆ గుంతను మూసేసి, నీళ్లు పోసే మాటే మరిచిపోయిన ఇళ్లూ బోలెడు. దాని నిరోధం 20 ఓమ్‌లకు పెరిగితే, ఫ్రిజ్ లోపల ఫేజు తీగ బాడీకి తగిలినా భూమిలోకి పోయేది 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దీనికి పడదు. ఫ్రిజ్ కరెంటుతోనే నిలబడి ఉంటుంది.

పైన గదుల విషయం వేరు. అక్కడ ప్రమాదం షాకు కన్నా మంటది. 2 కిలోవాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్లు, ఒకటిన్నర టన్నుల ఏసీ ఏడెనిమిది ఆంపియర్లు తీసుకుంటాయి. రెండూ ఒకే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీద ఉంటే, గోడలోని పైపులో అది తన హద్దు దగ్గర పనిచేస్తున్నట్టే. ఎంసీబీ మాటిమాటికీ పడుతోందని ఎవరైనా 16 తీసి 32 బిగించి ఉంటే, ఆ తీగ కాలిపోతున్నా ఎంసీబీ ఊరుకుంటుంది. ఇది నిజంగా జరిగే పనే కాబట్టి ముందుగా దాన్నే చూడమనండి.

సరైన తనిఖీలో కొలతలుంటాయి. ఉపకరణాలన్నీ విడదీసి, మెయిన్ ఆపి, 500 వోల్టుల మెగ్గర్ అనే మీటరుతో ఇన్సులేషన్ (తీగల తొడుగు) నిరోధం చూస్తారు. అది కనీసం 1 మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు) ఉండాలి. ఎర్త్ టెస్టరుతో పిట్ నిరోధాన్ని, సాకెట్టు దగ్గర ఎర్త్ తీగ నిజంగా పిట్ దాకా చేరిందా లేదా అన్నదాన్ని కొలుస్తారు. స్విచ్చులు ఫేజు మీదే ఉన్నాయా, న్యూట్రల్ మీద ఉన్నాయా చూస్తారు. ఏసీ, గీజరు కలిసి నడుస్తుండగా క్లాంప్ మీటరుతో లోడు చూసి, వేడెక్కి రంగు మారిన స్క్రూలను, జాయింట్లను వెతుకుతారు. ఈ అంకెలన్నీ కాగితం మీద రాసివ్వమని అడగండి. అంకెలు ఇవ్వలేనివారు చేసింది తనిఖీ అనిపించుకోదు.

ప్రభుత్వ విద్యుత్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చిన కాంట్రాక్టరు లైసెన్సు గాని, సూపర్‌వైజరు పర్మిట్ గాని ఉన్నవారిని పిలిచి, అది చెల్లుబాటులో ఉందో లేదో చూడండి. లైన్‌మన్‌ను పిలిచి చూపించినంత మాత్రాన సరిపోదు. పంపిణీ సంస్థ బాధ్యత మీటరు దాకానే. ఆ తర్వాతిదంతా ఇంటి యజమానిదే. మీ కనెక్షన్‌కు మంజూరైన లోడు కూడా పాతదే అయి ఉండవచ్చు, దాన్ని పెంచుకోవలసి ఉంటుంది.

తనిఖీకి వచ్చినవారికి మీ దండెం కూడా చూపించండి. ఇనుప తీగ దండెం సర్వీసు వైరు వచ్చే పైపుకు కట్టి ఉంటే, వైరు తొడుగు ఒరిసిన రోజు తడి బట్టలు ఆరేసేవారి ప్రాణానికే ముప్పు. ఇలాంటి వార్తలు మన పత్రికల్లో ప్రతి వానాకాలం చూస్తూనే ఉన్నాం. దీనికి మీటర్లేమీ అక్కర్లేదు, నైలాన్ తాడు చాలు.

ఇంటికి నీళ్లు వచ్చిన ప్రాంతాలవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు ముంపు చూసిన ఇళ్లలో స్విచ్‌బోర్డులు ఆరినట్టు కనిపించినా, గోడ పైపుల్లో బురద, తేమ మిగిలిపోయి ఉండవచ్చు. మెగ్గర్ పరీక్ష చేయకుండా అలాంటి ఇంటికి కరెంటు ఇవ్వడం తగదు.

ప్రశ్న: మాది రెండేళ్ల కిందట కొన్న ఫ్లాటు. ఇన్వర్టరు పెట్టించిన రోజు నుంచి ఆర్‌సీసీబీ పడిపోతోంది. అది చెడిపోయింది, తీసేసి నేరుగా కలిపేస్తానని పనివాడు అంటున్నాడు. కొత్త ఫ్లాటుకు కూడా తనిఖీ కావాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆర్‌సీసీబీ తీయనివ్వకండి. ఇన్వర్టరు వచ్చిన రోజు నుంచే పడుతోందంటే, ఎక్కువగా తప్పు ఆర్‌సీసీబీది కాదు. ఇన్వర్టరు మీద నడిచే లైట్ల న్యూట్రల్‌ను మామూలు సర్క్యూట్ న్యూట్రల్‌తో కలిపి ఉంటారు. వెళ్లిన కరెంటు వెళ్లిన దారినే తిరిగి రాకపోవడంతో ఆర్‌సీసీబీకి అది లీకుగా కనిపిస్తుంది. రెండు న్యూట్రల్‌లను విడదీయడమే దీనికి మందు. అలా విడదీసినవారి చేతనే ఒక్కో సర్క్యూట్‌ను విడిగా పరీక్షింపజేస్తే, కొత్త ఫ్లాటు సంగతి కూడా తేలిపోతుంది. అది సరి చేయించాక, మూడు నెలలకొకసారి ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కండి. వెంటనే పడకపోతే అప్పుడు మార్పించండి.