గ్లాస్ నూడుల్స్ ముద్దయిపోతున్నాయా?

ప్రశ్న: మావారు బరంపురం నుంచి గ్లాస్ నూడుల్స్ తెచ్చారు. మ్యాగీలా ఉడకబెట్టి బాణలిలో వేస్తే జిగురుముద్ద అయింది, పిల్లలు ముట్టలేదు. ఎక్కడ తప్పు చేశానండీ?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ఉడకబెట్టడమే తప్పమ్మా. ఇవి ఎక్కువగా పెసల నుంచి తీసిన గంజిపిండితో చేస్తారు, గోరువెచ్చని నీళ్లలో 10-15 నిమిషాలు నానబెడితే చాలు, వేలికి చుడితే విరగకుండా వంగాలి కానీ లోపల కాస్త బిరుసుండాలి. నీళ్లు వార్చి కత్తెరతో రెండుమూడు చోట్ల కత్తిరించండి, లేదంటే గరిటెకి చుట్టుకుని మొత్తం ఒకేసారి పైకి లేస్తాయి! అల్లం, వెల్లుల్లి, కీమా బాగా వేయించి, సోయా సాస్, అరకప్పు నీళ్లు పోసి, మరిగాక నూడుల్స్ వేసి ఆ నీళ్లు పీల్చుకునేదాకా కలపండి. చైనాలో సిచువాన్ వాళ్లు ఇలాంటిదాన్నే 'చెట్టెక్కే చీమలు' అంటారు, తీగలకు అంటుకున్న కీమా అచ్చం అలాగే ఉంటుంది మరి. నానాక కూడా గాజులా పారదర్శకంగా మారకుండా తెల్లగానే ఉంటే మాత్రం మీవారు తెచ్చింది బియ్యం సేమియా.